ఎస్కిమోలు చల్లగా ఉండాలి!

మన హైస్కూళ్ళలో ఈ మధ్య మానవ భూగోళం అని ఒక కొత్త పాఠం మొదలుపెట్టారు. ఇది కూడు పెడుతుందా, గుడ్డ పెడుతుందా అని తల్లిదండ్రులు సణుగుతున్నారు. అయ్యా, సణగకండి! ఇంత నిరపాయకరమైన శాస్త్రం ఇంతవరకు పుట్టలేదు. లోకంలో ఏ మనిషి ఎక్కడ ఎలా బతుకుతున్నాడో అంతా చెబుతుంది, మన పక్కవాడి సంగతి తప్ప. ఇంతకంటే మర్యాదస్తుల చదువు ఇంకెక్కడ దొరుకుతుంది?

నరసరావుపేటలో ఒక హైస్కూలు సంగతే చూడండి. ఆరో ఫారంలో తెలివైన పిల్లల్ని ఏరి, వాళ్ళకు ఈ పాఠం స్పెషల్‌గా చెబుతున్నారు. చెప్పేది గోపాలకృష్ణయ్య మాస్టారు. ఆయన పిడుగురాళ్ళ దాటి వెళ్ళిన పాపాన పోలేదు. అయినా మంచును ఇటుకల్లాగా ఎలా కోయాలో, సీలు జంతువు కొవ్వుతో దీపం ఎలా వెలిగించాలో చెబుతుంటే ఆ మంచులో పుట్టి పెరిగిన ఎస్కిమో కూడా నోరు వెళ్ళబెట్టాల్సిందే. మార్చి ఎండకు పైన పెంకులు పేలుతుంటాయి. కింద పిల్లలు చెమటలు కక్కుతూ ఇగ్లూలనే మంచు ఇళ్ళు గీస్తుంటారు. ఇంత చలవ చేసే చదువుండగా స్కూలుకు పంకాలెందుకండీ?

ఆ క్లాసులో మొదటి బెంచీ ఎస్తేరుది. తండ్రి ఆరోగ్యస్వామి మాచర్ల దారిలో ఒక నాపరాళ్ళ గనిలో రాయి కొడతాడు. పిల్ల హాస్టల్లో ఉండి చదువుతోంది. ఆ ఏడు స్పెషల్ క్లాసులో ఒక్కరికి టీచర్ ట్రైనింగుకు స్కాలర్‌షిప్ ఇస్తామన్నారు. ఇన్‌స్పెక్టరుగారే స్వయంగా వచ్చి, ప్రశ్నలు వేసి, ఆ ఒక్కరెవరో తేలుస్తారు. వస్తే ఎస్తేరు పంతులమ్మ. రాకపోతే అదే గనిలో రాళ్ళ తట్ట. అందుకని పాపం ఆ పిల్ల నిద్రలో కూడా ఎస్కిమోలనే కలవరించేది.

సెలవులకు ఇంటికొచ్చి పైకి చదువుతుంటే, తల్లి సారమ్మ పొయ్యి దగ్గర కూర్చుని వినేది.

"ఏందే ఎస్తేరూ, మంచుతోటి ఇల్లు కట్టుకుంటారా? ఎండలకి కారిపోదంటనే?"

"ఆడ ఎండలు ఉండవమ్మా."

"మరి నీళ్ళకి ఏం చేస్తారంట?"

"వాకిట్లో మంచుగడ్డ కొట్టుకుని కరగబెట్టుకుంటారు."

"ఎవురూ పొయ్యక్కర్లా?"

"అక్కర్లా."

"చానా అదృష్టవంతులే!" అంది సారమ్మ.

సారమ్మకు అంత ముచ్చట ఎందుకంటే, ఊరి మంచినీళ్ళ బావి దగ్గర ఆమె చేద వెయ్యకూడదు. కుండ దించి ఎడంగా నిలబడాలి. ఊళ్ళో ఏ తల్లికో దయ పుట్టి తోడి పోస్తే నీళ్ళు. పుట్టకపోతే ఆ పూటకి కూడు ఉడకదు. ఇదంతా మానవ భూగోళంలో లేదు. ఉండదు కూడా. ఎందుకుండాలి? పుస్తకం రాసినవాళ్ళకు వేరే పని లేదా?

ఎస్తేరు చేసిన తప్పల్లా ఒక్కటే. స్కూల్లో నేర్చుకున్నది ఇంటికి తీసుకుపోయింది. పాఠంలో చెప్పినట్టే గాలి ఎటు, నీళ్ళెటు, ఇళ్ళెటు అని తమ ఊరి చుట్టూ తిరిగి చూసింది. చదువుకునే పిల్లలు చేసే పనేనా అది?

స్వరాజ్యం వచ్చి ఇంకా ఏడాది తిరగలేదు. ఇన్‌స్పెక్టరుగారు మల్లెపూవులాంటి ఖద్దరు కట్టుకుని క్లాసుకు వచ్చారు. రాగానే అడిగారు, ఊళ్ళు ఎక్కడ వెలుస్తాయని.

"నీళ్ళ దగ్గర సార్! నైలు నది, గంగా నది!" అన్నాడు కరణంగారి అబ్బాయి గోపాలరావు.

"భేష్! ఇంకెవరైనా?"

ఎస్తేరు లేచింది. "మా ఊరు బావి దగ్గరే ఉందండి. మావాళ్ళుండే పల్లె మాత్రం ఊరి బయట, నీళ్ళకి ఎడంగా, తూర్పున ఉందండి."

"తూర్పునే ఎందుకు?"

"మాకు గాలి పడమటి నుంచే ఎక్కువండి. ఊరి మీది గాలి మా మీదికి రావచ్చు. మా మీది గాలి ఊరి మీదికి పోగూడదండి."

గోపాలకృష్ణయ్య మాస్టారికి ఊపిరాడని దగ్గు వచ్చింది. ఇన్‌స్పెక్టరుగారు మాత్రం పొంగిపోయారు. "ఇదమ్మా చదువంటే! నీలాంటి పిల్లలే కావాలి దేశానికి!" అని బల్ల చరిచారు. "అయితే అదంతా పాత కాలపు మాట. స్వరాజ్యం వచ్చాక అలాంటివి ఎక్కడున్నాయి? ఉన్నాయనడానికి రుజువేంటి?" అంటూ అందరూ సమానమేనని గొంతు ఎండిపోయేదాకా ఉపన్యసించారు. చివరికి నిజంగానే ఎండిపోయింది. "కాసిని మంచినీళ్ళు!" అన్నారు.

కూజా మొదటి బెంచీ పక్కనే ఉంది. ఎస్తేరు గ్లాసులో నీళ్ళు వంచి తెచ్చి ఎదుట నిలబడింది. ఇన్‌స్పెక్టరుగారి చెయ్యి సగం దాకా లేచి, మళ్ళీ బల్ల మీదికి దిగిపోయింది.

"నీకెందుకమ్మా శ్రమ! నువ్వు కూర్చో. గోపాలరావు హెడ్మాస్టరుగారి ఇంటికి వెళ్ళి తెస్తాడులే."

ఆ ఇల్లు స్టేషను దాటి అవతల. గోపాలరావు పరుగెత్తాడు. మాట్లాడకుండా వెళ్ళి కూర్చుంటే స్కాలర్‌షిప్ తనదేనని ఎస్తేరుకు బాగా తెలుసు.

"రుజువు అడిగారు కదండీ. ఇదేనండి." అని, ఆ గ్లాసు ఎత్తి నీళ్ళన్నీ తనే తాగేసింది.

స్కాలర్‌షిప్ గోపాలరావుకు వచ్చింది. ఆ పిల్ల తెలివైనదే గాని సిలబస్ దాటిపోతోందని ఇన్‌స్పెక్టరుగారు ఎంతో విచారించారు. ఇప్పుడు ఎస్తేరు నాపరాళ్ళ గనిలో తట్ట మోస్తోంది.

కాబట్టి పెద్దలారా, మీ పిల్లలకు ఎస్కిమోల పాఠమే గట్టిగా చెప్పించండి. ఎంత మంచి జనం వాళ్ళు! మనకు దాహమేసిన వేళ గ్లాసు పట్టుకుని ఎదుటికి రారు.