గ్రోన్‌షో మునిసిపాలిటీ పొదుపు తాళంచెవి

పోయిన కారు తాళంచెవి స్థానంలో కొత్తది చౌకగా చేయించుకునే విషయంలో గ్రోన్‌షో మునిసిపాలిటీ యావత్ ఉత్తర స్వీడన్‌కు దారి చూపబోతోందని ఛైర్మన్ టోర్కెల్ బ్రుందిన్ గారు ఫిబ్రవరి మూడో సోమవారం ఉదయం ప్రకటించారు. ఆ సమావేశానికి స్థానిక పత్రిక నుంచి ఒక విలేకరి వచ్చాడు. పైన మార్జిపాన్ అనే ఆకుపచ్చ బాదం ముద్ద కప్పిన పెద్ద కేకు కూడా వచ్చింది. ప్రజల ప్రతి క్రోనా ప్రజలదేననీ, దాన్ని ప్రజలకు చూపించి మరీ ఖర్చు పెడతామనీ ఛైర్మన్ గారు అన్నారు. ఆ మాటకు అర్థమేమిటని ఎవరూ అడగలేదు. అంత గొప్ప మాటలకు అర్థం అడగడం మర్యాద కాదు కదా.

వెనక వరుసలో ఉల్రికా నూర్డ్‌మార్క్ నిలబడి వింది. పోయిన తాళంచెవి ఆమె నడిపే కారుదే. కారు మునిసిపాలిటీది. ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి మందులివ్వడం, కట్లు మార్చడం, సూదులు వేయడం ఆమె ఉద్యోగం. ఆరేళ్లుగా ఆ కారులోనే తిరుగుతోంది. ఆమె వెళ్లే ఇళ్లలో మిగతావన్నీ ఊళ్లోనే, నడిచి పోయేంత దగ్గర. దూరం హిల్డూర్‌ది ఒక్కటే. ఊరికి ముప్పై ఎనిమిది కిలోమీటర్లు, సరస్సు అవతలి ఒడ్డున. హిల్డూర్‌కు ఎనభై తొమ్మిదేళ్లు. ముప్పై ఏళ్లు మంచు తోసే లారీ నడిపిన మనిషి. ఇప్పుడు కళ్లు ఆనక ఇన్సులిన్ సూది మీది గీతలు కనిపించవు. పొద్దున్నే ఎవరో ఒకరు వెళ్లి వేయాలి. అక్కడికి బస్సు మంగళ, శుక్రవారాల్లోనే వస్తుంది. ఇంట్లో ఆమెకు తోడు బిస్ అనే కుక్క.

తాళంచెవి ఎలా పోయిందో ఊళ్లో అందరికీ తెలుసు. గడ్డకట్టిన సరస్సు మీద ఏటా జరిగే చేపల పోటీని ప్రారంభించడానికి ఛైర్మన్ గారు వెళ్లారు. సొంత కారు ఉండగా ఉల్రికా కారు ఎందుకు తీసుకున్నారంటే, దాని తలుపు మీద ‘మీ ఇంటికే మేము’ అని రాసి ఉంటుంది, ఫోటోలో బాగుంటుంది. మంచుకు తొలిచిన కన్నం మీదికి వంగి గాలం వేస్తుండగా, పైజేబులోంచి రిమోట్ తాళంచెవి జారి బుడుంగున మునిగిపోయింది. రెండు వందల మంది చూశారు. ఛైర్మన్ గారు ఆ కన్నంలోకి కాసేపు చూసి, తర్వాత తలెత్తి, పోటీ ప్రారంభమైందని ప్రకటించారు.

రెండో తాళంచెవి ఏదీ అని అడగవచ్చు. కారు కొన్నప్పుడు డీలర్ రెండు ఇవ్వబోయాడు. ఛైర్మన్ గారు ఒకటి వెనక్కి ఇచ్చేసి ఆ మేరకు బిల్లు తగ్గించుకున్నారు. ‘ఒక కారు, ఒక తాళంచెవి’ పథకం అదే. ఆ రోజు ఆయన డీలర్‌కు తాళంచెవి తిరిగిస్తున్న ఫోటో మునిసిపాలిటీ వరండాలో ఇప్పటికీ వేలాడుతోంది.

మర్నాడే ఉల్రికా పోయిన వస్తువుల ఫారం నింపి ఇచ్చింది. రెండు వారాల తర్వాత అది తిరిగొచ్చింది. ఎక్కడుందో తెలియని వస్తువే పోయినట్టు లెక్క అని ఆర్థిక శాఖ వారు రాశారు. ఈ తాళంచెవి ఎక్కడుందో రెండు వందల మందికి తెలుసు కనుక అది పోలేదట. వారి సమావేశపు మినిట్స్‌లో ‘సదరు తాళంచెవి ప్రస్తుతం జలవనరుల్లో ఉన్నది’ అని నమోదు చేశారు. అందులో ఒక్క అబద్ధం కూడా లేదు.

ఉల్రికా బస్టాండు పక్కనున్న ఎస్కిల్ దుకాణానికి వెళ్లింది. ఎస్కిల్ బూట్లకు మడమలు వేస్తాడు, గడియారాలకు సెల్ మారుస్తాడు, తాళాలు చేస్తాడు. డీలర్ దగ్గరికైతే కారును లాక్కెళ్లాలి, ఏడు వేల పైమాటే, మూడు వారాలు పడుతుంది అన్నాడతను. తానైతే లాప్‌టాప్ పట్టుకుని కారు దగ్గరికే వచ్చి, కొత్త రిమోట్‌ను కారుకు కలిపి, పాతదాన్ని రద్దు చేస్తానన్నాడు. పద్దెనిమిది వందల క్రోనాలు, నలభై నిమిషాలు. ఆమె అక్కడి నుంచి నేరుగా ఛైర్మన్ గారి గదికి నడిచింది.

"ఎస్కిల్ చేస్తాడండీ. పద్దెనిమిది వందలు" అంది.

"మన రేట్ కాంట్రాక్ట్‌లో ఉన్నాడా?"

"లేడు. బస్టాండు పక్కన ఉన్నాడు."

"చూడు ఉల్రికా, పద్దెనిమిది వందలు చౌక అని నీకెలా తెలుసు? పోల్చి చూశావా? పోల్చకుండా చౌక అనడం పొదుపు కాదమ్మా, తొందరపాటు."

"రోజూ నన్ను హిల్డూర్ మామ్మ ఇంటికి టాక్సీలో పంపుతున్నారు. రానూపోనూ పంతొమ్మిది వందలు అవుతోంది. రోజుకో తాళంచెవి కంటే ఎక్కువే."

"టాక్సీ రేట్ కాంట్రాక్ట్‌లో ఉంది" అన్నారు ఛైర్మన్ గారు, ఎంతో ఓపికగా. "టాక్సీ పద్దు వేరు, తాళంచెవి పద్దు వేరు. రెండూ కలిపేస్తే ఆడిట్ వాళ్లకి నువ్వు చెప్తావా సమాధానం?"

టాక్సీ పద్దు మార్చి నెలాఖరుకు అయిపోతుందని కూడా ఆయనే చెప్పారు. ఆ తర్వాత కారు లేకపోతే హిల్డూర్‌ను ఊళ్లోని వృద్ధుల హోంకు మార్చాల్సి ఉంటుంది. హోం మంచిదే, కిటికీలు పెద్దవి. కుక్కలకు మాత్రం ప్రవేశం లేదు.

ఉల్రికా ఆ సంగతి హిల్డూర్‌కు చెప్పకుండా దాచాలని చూసింది. ముసలామె పత్రిక తెచ్చిన కుర్రాడి చేత అప్పటికే చదివించుకుంది.

"నా లారీ తాళంచెవి డెబ్బై నాలుగులో పోయింది పిల్లా. ఆ చలికాలమంతా స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పాను. ఒక్క కమిటీ కూడా వెయ్యలేదు. అయినా మంచు తోశాం" అంది హిల్డూర్. ఆ మాట అంటూనే బిస్ చెవులు నిమిరింది. నవ్వలేదు.

ఇక ఛైర్మన్ గారు వేసిన తాళంచెవి వ్యూహ కమిటీ సంగతి. స్టాక్‌హోం నుంచి ఒక కన్సల్టెంట్ వచ్చాడు. ముసాయిదా మీద అభిప్రాయం చెప్పమని పద్నాలుగు సంస్థలకు సర్క్యులర్ వెళ్లింది. ఈ దేశంలో అభిప్రాయాలు అడగకుండా కుర్చీ కూడా జరపరు. పెన్షనర్ల మండలి, యువజన మండలి, చర్చి, దుప్పుల పెంపకందారులు అందరూ అభ్యంతరం లేదని రాశారు. వేటగాళ్ల సంఘం మాత్రం తమ మంచె విరిగిపోయిందని, అది బాగు చేయించాలని రాసింది. అరవై నాలుగు పేజీల నివేదిక తయారైంది. కారు నడవడానికి తాళంచెవి అవసరమనీ, అది చౌకగా ఉండాలనీ అందులో తేల్చారు. కన్సల్టెంట్‌కు ఇచ్చిన సొమ్ముతో తాళంచెవి ఏం ఖర్మ, కారే వచ్చేది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు అని ఎవరైనా అంటారేమోనని ఛైర్మన్ గారు ముందుగానే కేకు తెప్పించారు.

మార్చి ఇరవై ఐదున ఉల్రికాకు ఓపిక నశించింది. సొంత జేబులోంచి పద్దెనిమిది వందలు తీసి ఎస్కిల్ చేతిలో పెట్టింది. అతను వచ్చాడు, లాప్‌టాప్ తెరిచాడు, ముక్కు తుడుచుకున్నాడు. నలభై నిమిషాలన్నది ముప్పై ఐదే పట్టింది. కారు రెండుసార్లు కూసి దీపాలు వెలిగించింది. ఉల్రికాకు ఏడుపొచ్చింది. ఆ రోజు ఆమె హిల్డూర్ ఇంటికి టాక్సీ లేకుండా వెళ్లింది.

మర్నాడు పొద్దున్నే పిలుపు వచ్చింది. ఉద్యోగి ఒకరు మునిసిపాలిటీకి పద్దెనిమిది వందల క్రోనాల విలువైన కానుక ఇచ్చినట్టు తేలిందట.

"నువ్వు లంచమిచ్చావని నేననడం లేదు ఉల్రికా. ఇవ్వలేదని కూడా రికార్డులో లేదు కదా" అన్నారు ఛైర్మన్ గారు.

విచారణ తేలేవరకు తాళంచెవిని కవరులో పెట్టి, సీలు వేసి, నంబరిచ్చి రికార్డు రూంలో భద్రపరిచారు. ఇల్లు అలకగానే పండగ కాదని ఉల్రికాకు అప్పుడు తెలిసింది. మార్చి నెలాఖరుకు ఇంకా అయిదు రోజులుంది.

రికార్డు రూం సోల్వేగ్‌ది. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆమె అక్కడ కూర్చుని ఊలు అల్లుతోంది. మునిసిపాలిటీ రికార్డుల్లో ఉన్నదేదైనా ఏ మనిషి వచ్చి అడిగినా చూపించాలి, పేరు అడగకూడదు, ఎందుకని అడగకూడదు. అది ఈ దేశంలో ఇప్పటి రాజవంశం కన్నా పాత చట్టం. ఇన్నేళ్లలో ఆమెను జనం అడిగిందల్లా పక్కింటివాడి గ్యారేజీ అనుమతి కాగితాలే. ఉల్రికా వెళ్లి ఫలానా నంబరు రికార్డు చూడాలంది.

సోల్వేగ్ కవరు తెచ్చింది. సీలు వైపు, ఉల్రికా మొహం వైపు చూసింది. నిబంధనల పుస్తకం తీసి వేలు పెట్టి చదివింది.

"ఇంటికి తీసుకెళ్లడానికి లేదు. మునిసిపాలిటీ ఆవరణలోనే, నా ఎదుటే చూడాలి" అంది. తర్వాత పుస్తకం మూసింది. "ఆ కారు ఎవరిది?"

"మునిసిపాలిటీదే."

"అయితే అదీ మన ఆవరణే" అంటూ సోల్వేగ్ కోటు తొడుక్కుంది.

ఆ రోజు నుంచి ఉల్రికా రోజూ పొద్దున రెండేసి గంటలు, కారు నడుపుతూ, తాళంచెవిని పరిశీలించింది. పక్క సీట్లో సోల్వేగ్ ఊలు అల్లుకుంటూ నిఘా వేసింది. రికార్డు రూం తలుపుకు ‘పరిశీలన జరుగుతున్నది’ అని అట్ట తగిలించింది. శని, ఆదివారాలు రికార్డు రూంకు సెలవు, సోల్వేగ్‌కు లేదు. హిల్డూర్ కాఫీకి మూడో కప్పు పెట్టడం మొదలుపెట్టింది. ఏప్రిల్ ఒకటి వచ్చింది, వెళ్లింది. హోం మాట ఎవరూ ఎత్తలేదు. బిస్‌కు సోల్వేగ్ మేజోళ్ల వాసన బాగా నచ్చింది.

ఈ సంగతి ఛైర్మన్ గారికి తొమ్మిదో రోజున తెలిసింది. సోల్వేగ్ ఉద్యోగం ఊడుతుందని అందరూ అనుకున్నారు. ఆయనను తక్కువ అంచనా వేశారు. రెండు నిమిషాలు కళ్లు మూసుకుని ఆలోచించి విలేకరిని పిలిపించారు. కొత్త తాళంచెవిని మునిసిపాలిటీ సున్నా క్రోనాలకు సాధించిందనీ, దీని పేరు గ్రోన్‌షో నమూనా అనీ ప్రకటించారు. లెక్క సరిగ్గానే ఉంది. పద్దెనిమిది వందలూ ఉల్రికావి కదా.

మే నెలలో స్టాక్‌హోంలోని ప్రజాధన పరిరక్షణ సంఘం వారు ఆ నమూనాకు బహుమతి ఇవ్వడానికి గ్రోన్‌షో వచ్చారు. తాళంచెవిని చూడాలన్నారు, దానివల్ల మేలు పొందిన మనిషిని కూడా చూడాలన్నారు. తాళంచెవిని నీలం మఖమలు మీద, అద్దాల పెట్టెలో పెట్టారు. అందుకని ఆ రోజు కారు కదలలేదు. హిల్డూర్‌ను టాక్సీలో తెచ్చారు, ఆ ఖర్చు ఉత్సవాల పద్దులో రాశారు. పొద్దున ఉల్రికా అదే టాక్సీలో వెళ్లి, సూది వేసి, చెయ్యి పట్టుకుని మెట్లు దింపి, వేదిక దాకా నడిపించింది.

ఛైర్మన్ గారు గంటంబావు మాట్లాడారు. తర్వాత ఈ తాళంచెవి గురించి మీరేమనుకుంటున్నారో చెప్పండని మైకు హిల్డూర్ నోటి దగ్గర పెట్టారు.

"తాళంచెవి ఆ అద్దాల పెట్టెలో ఉందంటున్నారు. నన్ను తెచ్చింది టాక్సీ. డబ్బు పెట్టిన పిల్ల వెనకాల నిలబడింది. మీరు దేనికి చప్పట్లు కొడుతున్నారో చెబితే నేనూ కొడతాను" అంది హిల్డూర్.

హాలు దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు.

వారం తిరక్కుండా హిల్డూర్‌కు ఉత్తరం వచ్చింది. కళ్లు ఆనవు కనుక ఉల్రికా చదివింది. లబ్ధిదారు సదరు తేదీన ముప్పై ఎనిమిది కిలోమీటర్లు ప్రయాణించి, రెండు గంటలు నిటారుగా కూర్చుని, మైకులో స్పష్టంగా మాట్లాడి, కేకు రెండు ముక్కలు తిన్నందున, ఆమె తానే రోజూ ఆరోగ్య కేంద్రానికి వచ్చి సూది వేయించుకోగలదని నిర్ధారణ అయినదట. జూన్ ఒకటి నుంచి ఇంటికి మనుషులు రారు. ఆ రోజు ఆమెను చెయ్యి పట్టుకుని ఎవరు నడిపించారో ఉత్తరంలో లేదు. బస్సు వేళల కాగితం జతచేశారు.

"మంగళవారం, శుక్రవారం బస్సుంది" అంది హిల్డూర్. "మిగతా అయిదు రోజులు?"

ఉల్రికా కాగితం వెనక్కి తిప్పింది. ఏమీ లేదు. ఆమెకు ఒళ్లు మండిపోయింది, దాని వెంటే సిగ్గేసింది. ఆ వేదిక మెట్లు హిల్డూర్‌ను తన చేత్తోనే ఎక్కించింది.

"నీ తప్పేం లేదు, కాఫీ తాగు" అంది హిల్డూర్. కప్పు ముందుకు జరిపి అడిగింది. "బిస్‌కి రాత్రి పూట మంచం మీద పడుకునే అలవాటు. మీ ఇంట్లో పరవాలేదా?"

హిల్డూర్ మే ముప్పైన హోంలో చేరింది. పెద్ద కిటికీ గదే ఇచ్చారు.

జూన్ మొదటి వారంలో ఛైర్మన్ గారు పొదుపులో మరో మెట్టు ఎక్కినట్టు ప్రకటించారు. సరస్సు అవతలికి వెళ్లే పని లేదు కనుక కారు అవసరం కూడా తీరిపోయింది. విచారణ మాత్రం ఇంకా నడుస్తోంది. ఆ శనివారం పత్రిక మూడో పేజీలో, కేకు కోస్తున్న ఛైర్మన్ గారి ఫోటో కింద, ఈ ప్రకటన పడింది:

"అమ్మకానికి: మునిసిపాలిటీ కారు. ఒకే యజమాని. మంచి కండిషన్. తాళంచెవిని పనిదినాల్లో ఉదయం పది నుంచి మూడు వరకు రికార్డు రూంలో చూడవచ్చు."