హుక్కులు ఒప్పుకున్న భారతీయురాలు

విశాఖపట్నం బ్యాలే నాట్యశాలలో ఎవరు ఏ దేశస్థులో వేసుకున్న దుస్తులే తేలుస్తాయి కాబట్టి, ‘భారత కన్య’ వేషం జాకెట్టు ఆ వేషం కట్టాల్సిన మృదులను విదేశీయురాలని తేల్చినప్పుడు ఎవరూ కంగారుపడలేదు.

కొలతలు సరిగ్గానే ఉన్నాయి. వెనక హుక్కులే పడలేదు. ఎప్పుడో ఒక చలిదేశంలో, భారతదేశాన్ని ఎన్నడూ చూడని చిత్రకారుడు గీసిచ్చిన బొమ్మను బట్టి కుట్టిన దుస్తులవి. బొడ్డు కనబడే పొట్టి జాకెట్టు, బుడగలా ఉబ్బిన జరీ పైజామా, నెమలీక గుచ్చిన తలపాగా, ముఖానికి పల్చటి ముసుగు. అన్నీ ఒక్క మనిషికే. పోయిన నెల ‘స్పెయిన్ పిల్ల’ గౌను చోడవరం అమ్మాయిని చూడగానే ఒప్పుకుంది. ఆ అమ్మాయికి కోపం ఎక్కువ మరి.

దుస్తుల అధికారి సింహాద్రి నాయుడు నిట్టూర్చాడు. “ఏటి సేత్తామమ్మా, హుక్కులు ఒప్పుకోట్లేదు. ఆట మొదలయ్యేలోగా పడకపోతే నిన్ను పరదేశీ కింద రాసీవాల. మీ ఆయన నీతో కాపరం సెయ్యాలంటే వీసా తెచ్చుకోవాల.”

పెళ్లయి నెల కూడా కాలేదు. మృదుల రెండు చేతులూ వెనక్కి పెట్టి హుక్కులతో పెనుగులాడింది. టిఫిన్ డబ్బా పట్టుకొచ్చిన ఆమె భర్త భార్గవ్ మాత్రం నవ్వాడు. “పర్లేదులే, రోజూ వంటింటి గుమ్మం దగ్గర నువ్వే ముద్ర వేసి లోపలికి రానిద్దువుగాని.”

“నవ్వకండీ! పుట్టింది గాజువాకలోనే అని చెప్పిన కొద్దీ ఇది ఇంకా బిగుసుకుంటోంది.”

“నిజం చెబితే ఎలాగే? దానికి తెలిసిన ఇండియా గురించి చెప్పు.”

మృదుల తండ్రి ఓడరేవులో క్రేను నడుపుతాడు. “మా నాన్నగారు మహారాజు,” అంది మృదుల. టక్కున ఒక హుక్కు పడింది. “ఇక్కడికి ఏనుగెక్కి వచ్చాను.” ఇంకొకటి. “మా అత్తగారు బూర ఊది పాముల్ని ఆడిస్తారు,” అని గొంతు తగ్గించి అనేసరికి మిగిలినవన్నీ వరసగా పడ్డాయి.

“అమ్మకి తెలిస్తే నీ పని అయిపోతుంది!”

“మీరు నోరు మూసుకుంటే ఎలా తెలుస్తుంది?”

ఆ సాయంత్రం ఆమె అరచేతులు నెత్తిమీద జోడించి, మెడ అటూ ఇటూ జరుపుతూ, గాలిలో తేలుతున్నట్టు ఆడింది. ఎన్నాళ్లకు మన సంస్కృతిని చూశామని ముందు వరసవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. సింహాద్రి నాయుడు సంతోషంగా ఆమెను భారతీయురాలిగా రాసుకున్నాడు.

ఇంటికొచ్చాక హుక్కులు ఊడలేదు. నిజం చెబితే ఊడతాయన్నాడు భార్గవ్. “మా నాన్నగారు క్రేను నడుపుతారు,” అంది మృదుల. జాకెట్టు కదల్లేదు. ఆ మాట ఈసారి ఆమెకే అంత నమ్మకంగా అనిపించలేదు.

“ఉండనివ్వండి, రేపూ ఆట ఉందిగా,” అని అతను వేసిన పెసరట్టు తుంచి, ముసుగు కొంచెం పైకెత్తి నోట్లో పెట్టుకుంది. అల్లం ఘాటు భలేగా తగిలింది.

భార్గవ్ వెనక్కి జరిగి ఆమెను చూసి మురిసిపోయాడు. “పెళ్లికి ముందు తీయించుకున్నామే, అందులోనూ అచ్చం ఇలాగే ఉన్నావు,” అని గోడ మీది ఫోటో చూపించాడు. అద్దెకు తెచ్చిన లెహంగాలో ఆమె, తలపాగా చుట్టుకుని కత్తి పట్టుకున్న అతను, వెనక ఇద్దరూ ఎప్పుడూ వెళ్లని ఎడారి కోట. ఇంటికొచ్చిన చుట్టాలందరూ, ఇద్దరూ సహజంగా పడ్డారని మెచ్చుకున్న ఫోటో అదొక్కటే.