తిరిగే చక్రానికి జేజేలు

వెబ్‌సైట్ అడగ్గానే తెరుచుకోవడమంత అమర్యాద ఇంకొకటి లేదు!

కోప్పడకండి. తలుపు తట్టీ తట్టకముందే ధడాలున తీసి, "ఏం కావాలి?" అని మొహం మీదే అడిగే ఇల్లు మీకు నచ్చుతుందా? మరి వేలు ఆనీ ఆనకముందే ఊడిపడే పేజీని ఎందుకు మెచ్చుకుంటారు? తెర మధ్యలో గిర్రున తిరిగే చిన్న చక్రం ఉంది చూశారూ, ఈ కాలపు మనిషికి మిగిలిన విశ్రాంతి అదొక్కటే. అది తిరుగుతున్నంతసేపూ ఏ పనీ చేయనక్కర్లేదు. ఎవరైనా అడిగితే పనిలో ఉన్నామనే చెప్పొచ్చు!

ఆ చక్రం పుణ్యమా అని అలిగిన తోడికోడలికి ఫోన్ చేసి రాజీపడ్డవాళ్లున్నారు. మా పక్కింటాయన ఒక పేజీ తెరుచుకునేలోగా గడ్డం గీసుకుని, అప్పటికీ తెరుచుకోకపోవడంతో మీసం కూడా తీసేశాడు. నప్పిందనే చెప్పాలి.

నాకీ జ్ఞానం మా ఇంట్లోనే కలిగింది. మా ఆవిడ కర్టెన్లు కుడుతుంది. ముందుగదిలో మిషను, భోజనాల బల్ల మీద గుడ్డ తానులు, నా కుర్చీలో కొలతల టేపు. కర్టెన్లు అమ్మడానికి ఓ వెబ్‌సైట్ కూడా ఉంది. ఈమధ్య అది నత్తతో పందెం వేసి ఓడిపోతోంది. ఆర్డర్లు పడిపోయాయి. మిషను మూగనోము పట్టింది.

అంతలో ఓ హోటల్ మేనేజరు మెయిల్ పెట్టాడు. కొత్త హోటల్ కిటికీలన్నిటికీ మా కర్టెన్లే వేద్దామనుకున్నాడట. పేజీ ఎంతకీ రావడం లేదట. రేపటిదాకా చూసి వేరే చోట ఇచ్చేస్తాడట.

"ఇది కూడా పోతే మిషను అమ్ముకోవడమే," అంది మా ఆవిడ. నవ్వుతూ అనలేదు.

వెంటనే మా మరదలు దిగింది. వెబ్‌సైట్లు తయారుచేయడం ఆమె వృత్తి, నన్ను ఏడిపించడం ప్రవృత్తి.

"ఇది ప్లగిన్ల గొడవే బావా. అన్నీ ఆపేసి, మళ్లీ ఒక్కొక్కటే ఆన్ చెయ్యి. ఏది ఆన్ చేసినప్పుడు పేజీ మొరాయిస్తుందో అదే దొంగ. ఈలోగా నేను అక్క కర్టెన్ల ఫోటోలు సర్దుతా."

ప్లగిన్ అంటే వెబ్‌సైట్‌కి వచ్చిన చుట్టం. ఏదో పనిలో సాయం చేస్తానని వస్తుంది, వచ్చాక మంచం దిగదు.

నేను డిటెక్టివ్‌లా కూర్చున్నాను. దారి చూపే మ్యాపును ఆపాను. మూలనుంచి "సాయం కావాలా?" అని తొంగిచూసే చాట్ పెట్టెను ఆపాను. వేగం పెంచుతానని ఒట్టేసి వచ్చిన ప్లగిన్‌నీ గెంటేశాను. చక్రం తిరుగుతూనే ఉంది! సర్వర్‌ని తిట్టాను. కేబుల్‌ని అనుమానించాను. చివరికి మేనేజరు ఫోనే పాతదై ఉంటుందని తీర్పు చెప్పాను.

మరదలు నా భుజం మీదుగా తొంగిచూసింది.

"అన్నీ ఆపావా?"

"అన్నీ."

"మరి ఇదేంటి, ఇంకా ఆన్‌లోనే ఉంది?"

"అది ప్లగిన్ కాదమ్మా. సాహిత్యం!"

పాఠకులకు మనవి. దాని పేరు 'నేటి పలుకు'. కర్టెన్ల కోసం ఎవరొచ్చినా, చక్రం తిరుగుతుండగానే ముందు నా ఫోటో మెల్లగా వెలుగుతుంది. పూలు రాలతాయి. వేణువు మోగుతుంది. ఆపైన మనసు కిటికీల గురించి నేను స్వయంగా రాసిన సూక్తి ఒక్కో అక్షరమే ప్రత్యక్షమవుతుంది. జ్ఞానాన్ని గబగబా వడ్డిస్తారా ఎవరైనా?

మా ఆవిడ లేచొచ్చింది. "వాళ్లకి కావలసింది కిటికీకి గుడ్డండీ," అంటూ నా చేతిలోంచి మౌస్ తీసుకుని, నా సాహిత్యాన్ని ఒక్క నొక్కుతో ఆపేసింది.

పేజీ టక్కున తెరుచుకుంది. సిగ్గూ శరం లేకుండా!

మర్నాడు హోటల్ ఆర్డరు వచ్చింది. ఇప్పుడు మిషను ఆగితే ఒట్టు. మా ఆవిడ కూనిరాగాలు తీస్తోంది. నాకూ సంతోషమే, అబద్ధమెందుకు.

కానీ నేను రోజూ మెయిల్ చూస్తున్నాను. 'నేటి పలుకు ఏమైంది?' అని ఒక్కరంటే ఒక్కరు అడగాలి కదా! మేనేజరు మాత్రం ఓ వాక్యం రాశాడు: "ఏం తీసేశారో గానీ, మంచి పని చేశారు."

ఇప్పుడర్థమైందా, చక్రానికి ఎందుకు జేజేలు కొట్టానో? అది తిరిగినన్నాళ్లూ జనం ఎటూ పోలేక నన్ను చదివారు. దారి దొరికిన క్షణాన నన్ను దాటుకుని కర్టెన్ల దగ్గరికి పోయారు.

నా మొహం చూసి మరదలికి జాలేసినట్టుంది. "బాధపడకు బావా. నీ పలుకులు కర్టెన్ల మీదే కుట్టిద్దాం."

మా ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ, తలెత్తకుండానే అంది:

"అలాగే. అంచు మడతలో, లోపలివైపు."