వహీబ్ మారాడంటే నేను నమ్మను

ఆ శుక్రవారం ఇన్సాఫ్ పెట్టుకున్న పనులు పెద్దవేమీ కావు. పొయ్యి మీద చిక్కుడు గింజలు మెత్తగా ఉడకబెట్టాలి. మధ్యాహ్నం ఆరాధన ముగిసేలోపు చర్చికి చేరాలి. రమ్సీస్ రాసిన నవల అతని చేతికి తిరిగిచ్చి, మనసు నొప్పించకుండా నాలుగు మాటలు చెప్పి రావాలి. మొదటి రెండూ ఎలాగూ అయిపోతాయి. మూడోదే ఆమెకు పుట్టుకతో చేతకాని పని.

షుబ్రా పేటలో ఆడపిల్లల బడిలో జీవితమంతా అరబ్బీ వ్యాకరణం చెప్పి ఉద్యోగ విరమణ చేసిన మనిషి ఆమె. ఇప్పుడు చదవడమే పని. చర్చి ఆవరణలో మెట్ల కింద ఉన్న పుస్తకాల గదిని రమ్సీస్ చూసుకుంటాడు. కొత్త పుస్తకం ఏది వచ్చినా మడత పడకుండా చదివి తిరిగిస్తానంటే చాలు, ఆమెకు ఊరికే ఇచ్చి పంపుతాడు. బదులుగా ఆమె అభిప్రాయం చెబుతుంది. అడిగినవాళ్ళకు చెబుతుంది, అడగనివాళ్ళకు ఇంకాస్త వివరంగా చెబుతుంది.

ఎడారి తండ్రుల చరిత్రలంటే ఆమెకు ప్రాణం. ఆ ముసలి సన్యాసులు అలుగుతారు, ఒకరి మీద ఒకరు విసుక్కుంటారు, బుట్టలు అల్లి అల్లి విసుగెత్తి ఊళ్ళోకి పారిపోదామనుకుంటారు. అందుకే వాళ్ళు పరిశుద్ధులంటే నమ్మబుద్ధవుతుంది. పేచీ అంతా క్రైస్తవ నవలలతోనే. వాటిలో మంచివాళ్ళకు ఆకలి వేయదు, అంట్లు ఎవరు తోముతారో తెలియదు. ఫాదర్‌గారు సరిగ్గా అవసరమైన క్షణానికి తలుపు తడతాడు. చెడ్డవాడు ఉరుములు ఉరిమిన రోజు ఒక్క పేజీలో మారిపోతాడు. "ముప్పయ్యేళ్ళు కాపురం చేసి మా ఆయన చేత తడి తువ్వాలు తీగ మీద వేయించలేకపోయాను. వీళ్ళు హంతకుణ్ణి ఒక్క పేజీలో మార్చేస్తారు" అనేది.

ఇన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళ పుస్తకాలు అమ్మిన రమ్సీస్, చివరికి తానే ఒక నవల రాసి సొంత ఖర్చుతో అచ్చు వేయించాడు. పేరు 'వహీబ్ కన్నీళ్ళు'. అతని అత్తగారు, ఇన్సాఫ్ తప్ప మూడో మనిషి దాన్ని ముట్టుకోలేదు. అత్తగారు బాగుందన్నది. ఇక మిగిలింది ఇన్సాఫ్ మాట.

ఆ మాట ఎలా చెప్పాలో ముందుగా ఇంట్లో వల్లె వేసుకుందామని, బయలుదేరే ముందు బాల్కనీలో భర్త ముఫీద్ ఎదురుగా కుర్చీ వేసుకుంది. ముఫీద్‌కు ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోది ఇష్టమైనప్పుడే పనిచేస్తుంది. అందువల్ల ఆ ఇంట్లో రహస్యం చెప్పుకున్నా వీధి మలుపుదాకా వినిపిస్తుంది.

"ముందు మెచ్చుకో" అన్నాడు ముఫీద్.

"ఏమని?"

"అచ్చు బాగుందను."

"అచ్చూ బాగాలేదు." ఇన్సాఫ్ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని గొంతు పెంచింది. "అసలు నాకు ఆ వహీబే మింగుడు పడడం లేదు. అలెగ్జాండ్రియాలో పెళ్ళాం, ఇద్దరు పిల్లలు. ఆ సంగతి దాచి, ఇక్కడ బంగారంలాంటి పిల్ల వేలికి ఉంగరం తొడిగాడు. ఇప్పుడు చర్చిలో నాలుగు కన్నీటిబొట్లు కార్చి మారిపోయానంటే సరిపోయిందా? వహీబ్ మారాడంటే నేను నమ్మను. చచ్చినా నమ్మను."

"మరి ఆ పిల్లో?"

"ఆ పిల్లకు బుర్ర లేదు. వాళ్ళ నాన్న అంతకన్నా వెర్రివాడు."

సరిగ్గా కింది అంతస్తు బాల్కనీలో నర్గిస్ అనే ఆవిడ తాడుతో బుట్ట కిందికి దించి, బండివాడి దగ్గర వంకాయలు వేయించుకుని పైకి లాగుతోంది. నర్గిస్ అక్క కూతురు దమియానాకు కొత్త సంవత్సరం నాడు నిశ్చితార్థమైంది. మాంసం ముట్టని పెద్ద ఉపవాసం ముగిసి, పునరుత్థాన పండగ వెళ్ళాక పెళ్ళి. పెళ్ళికొడుకు పేరు వహీబ్. చర్చి వీధిలో కుళాయిల కొట్టు. సరుకు కోసమని ప్రతి గురువారం అలెగ్జాండ్రియా వెళ్ళివస్తాడు.

నర్గిస్ చేతిలో తాడు జారిపోయింది. వంకాయలు వీధంతా దొర్లాయి. బండివాడు పైకి చూసి ఏదో అన్నాడు గానీ వినడానికి అక్కడ ఎవరూ లేరు. నర్గిస్ అప్పటికే ఫోన్‌లో అక్క సమీరాతో మాట్లాడుతోంది.

"అక్కా, కూర్చునే ఉన్నావా? లేకపోతే కూర్చో."

సమీరా కూర్చుంది. విన్నది. ఏడ్చింది. భర్త షౌకీకి చెప్పి, అతను చెప్పులు వేసుకునేలోగా చర్చిలో అబూనా మత్తియాస్‌కు ఫోన్ చేసింది. ఆ చర్చి ఫాదర్‌గారు ఆయనే. ఆరాధన ముగించి అప్పుడే పై వస్త్రాలు తీస్తున్నాడు. "అబూనా, అలెగ్జాండ్రియా సంగతి బయటపడిపోయింది, మా కొంప మునిగింది" అన్న ముక్క మాత్రం ఆయనకు అర్థమైంది. మిగతాదంతా ఏడుపు.

షౌకీ తొందరపడే మనిషి కాడు. ఆడవాళ్ళ మాట పట్టుకుని అల్లుణ్ణి అనుమానించకూడదని, నేరుగా ఇన్సాఫ్ ఇంటికి వచ్చి తలుపు కొట్టాడు. ఆమె అప్పటికే చర్చికి బయలుదేరింది. ముఫీద్ తలుపు తీశాడు.

"ముఫీద్ అన్నా, వహీబ్ గురించి మీ ఆవిడ అన్నమాట నిజమేనా?"

రెండోసారి గట్టిగా అడిగితే ముఫీద్‌కు వినబడింది. వారం రోజులుగా ఇంట్లో ఆ నవల గోల తప్ప వేరే మాట లేదు. పోనీలే, రమ్సీస్ పుస్తకం కోసం ఒకడైనా అడుగుతున్నాడని సంతోషించాడు.

"ఓ, వహీబా. నిజమే మరి. ఆవిడ ఊరికే అనదు. మొదటినుంచి చివరిదాకా చూసే అన్నది."

"పిల్లలు కూడానా?"

"ఇద్దరు. చిన్నవాడికి కాలు కుంటు, పాపం."

షౌకీ గోడకు చెయ్యి ఆనించాడు. "దీని వెనక ఎవరున్నారన్నా?"

"ఇంకెవరు, రమ్సీసే. సంబంధం కలిపిందీ అతనే, చెడగొట్టిందీ అతనే. చాలాకాలం కూర్చుని చేశాడులే."

వహీబ్ మంచి కుర్రాడని అప్పట్లో షౌకీతో ఒక మాట వేసినవాడు నిజంగానే రమ్సీస్. షౌకీ గోడ వదిలి ముందుకు వచ్చాడు. "అమ్మాయి తండ్రిని కూడా మీ ఆవిడ ఏదో అన్నదట."

"వెర్రివాడన్నది. నాకు మాత్రం జాలేసింది" అన్నాడు ముఫీద్. "రా, టీ తాగి వెళ్ళు."

షౌకీ టీ తాగలేదు.

పుస్తకాల గదిలో ఇన్సాఫ్ అప్పటికి చాలాసేపటినుంచి ఇబ్బంది పడుతోంది. కాగితం మంచిది వాడావన్నది. అట్ట మీద రంగు కంటికి హాయిగా ఉందన్నది. రమ్సీస్ చేతులు కట్టుకుని, చిన్నపిల్లాడు మిఠాయి పొట్లం విప్పేటప్పుడు చూసినట్టు ఆమె నోటికేసి చూస్తున్నాడు. ఆ ముఖం చూసి ఇక అబద్ధమే చెప్పేద్దామని ఆమె నిశ్చయించుకున్న క్షణంలో షౌకీ లోపలికి వచ్చాడు.

"రమ్సీస్, వహీబ్‌కు అలెగ్జాండ్రియాలో పెళ్ళాం ఉందని నీకు తెలుసా?"

రమ్సీస్ ముఖం వెలిగిపోయింది. "నీదాకా వచ్చిందా అన్నా?"

"అంటే తెలుసన్నమాట."

"నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

"మరి ఇన్నాళ్ళూ నోరు ఎందుకు విప్పలేదు?"

"ముందే విప్పితే ఏం రుచి ఉంటుందన్నా? పెళ్ళి దగ్గర పడాలి. అందరూ నవ్వుతూ ఉండాలి. అప్పుడు నెత్తిన పిడుగు పడాలి. ఆ తండ్రి గుండె పట్టుకుని కూలబడాలి. నేను కష్టపడిందంతా దానికోసమే."

షౌకీ అతని చొక్కా పట్టుకున్నాడు. అరలో పుస్తకాలు జలజలా రాలాయి. ఇన్సాఫ్‌కు మొదట ఏమీ తోచలేదు. కానీ గుమ్మంలో నర్గిస్, ఆమె వెనక ఏడుస్తున్న సమీరా, ఆ వెనక దమియానా కనిపించేసరికి ఇందాక బాల్కనీలో తాను అరిచిన ప్రతి మాటా చెవుల్లో మోగింది. బళ్ళో ఎంతమంది పిల్లల్ని ఏడిపించినా, ఒకరి పెళ్ళి చెడగొట్టిన పాపం మాత్రం ఇంతవరకు ఆమెకు లేదు.

"షౌకీ, ఆగు నాయనా. అదంతా నవల."

"అవునక్కా" అన్నాడు షౌకీ చొక్కా వదలకుండానే. "మా బతుకు నవలే అయిపోయింది."

ఆమె పుస్తకం కోసం వెతికింది. అది రాలిన పుస్తకాల కింద ఎక్కడో పడిపోయింది. మోకాళ్ళ మీద కూర్చుని వెతుకుతుండగానే అబూనా మత్తియాస్ వచ్చాడు. ఆయన వెంట వహీబ్. కొట్టులోంచి పిలిపించినట్టున్నారు, చేతిలో కుళాయి ఇంకా అలాగే ఉంది. ఆరాధన ముగించుకుని వస్తున్న జనం ఏమిటా అని గుమ్మం దగ్గర ఆగారు. ఉపవాసపు రోజుల్లో ఆకలి మీదున్న జనానికి తగవు దొరికితే ఇంటికి వెళ్ళబుద్ధి కాదు.

"నాయనా" అన్నాడు అబూనా మెల్లగా, "అలెగ్జాండ్రియా సంగతి బయటపడింది. ఇంకొకరు చెప్పడం కన్నా నీ నోటితో నువ్వు చెప్పడం మేలు."

వహీబ్ చేతిలోని కుళాయి ఠంగుమని కిందపడింది. "ఎవరు చూశారు అబూనా?"

"వినండి, ఒక్క నిమిషం" అన్నది ఇన్సాఫ్ కింద నుంచి. ఎవరూ వినలేదు.

"ఎవరు చూస్తే ఏంరా?" అన్నాడు షౌకీ. "ఎన్నాళ్ళనుంచి?"

"ఉపవాసం మొదలైన వారంనుంచి, మామయ్యా."

"అంటే ఉంగరం తొడిగాకే."

"మొదట ఒక్కసారే అనుకున్నాను." వహీబ్ కళ్ళనిండా నీళ్ళు. "స్టేషన్‌లో దిగగానే ఎదురుగా ఉంటుంది. ఆ వాసన తగిలితే కాళ్ళు ఆగవు. ఇక్కడైతే అందరూ తెలిసినవాళ్ళు. అక్కడ నన్నెవరు చూస్తారనుకున్నాను. ఆ తర్వాత ప్రతి గురువారం వెళ్తూనే ఉన్నాను."

సమీరా పుస్తకాల కట్ట మీద కూలబడింది.

"ఒక్కటేనా?" అని అడిగింది నర్గిస్, వినకూడదనుకుంటూనే ముందుకు వంగి.

"మొదట్లో రెండు" అన్నాడు వహీబ్ తలవంచుకుని. "నిన్న నాలుగు."

గుమ్మం దగ్గర ఒక ముసలాయన సిలువ గుర్తు వేసుకున్నాడు. షౌకీ చేతిలోంచి రమ్సీస్ చొక్కా దానంతటదే జారిపోయింది. అబూనా మాత్రం అలవాటైన ఓర్పుతో, "ఆమె పేరు చెప్పు నాయనా" అన్నాడు.

వహీబ్ తలెత్తాడు. "ఎవరి పేరు అబూనా?"

"అదే, అలెగ్జాండ్రియాలో ఉన్నామె."

"ఆమె ఎవరు? నేను చెప్పేది లివర్ శాండ్‌విచ్ సంగతి."

పచ్చిమిరపకాయ, వెల్లుల్లి వేసి పెనం మీద వేయించే ఆ లివర్ అలెగ్జాండ్రియాలో ఎలా ఉంటుందో అక్కడున్న అందరికీ తెలుసు. నాలుగు వారాలుగా అందరూ గింజలూ నూనె వంకాయలతోనే కాలక్షేపం చేస్తున్నారు. ఎవరో గుటక మింగిన చప్పుడు స్పష్టంగా వినబడింది.

అప్పటికి ఇన్సాఫ్‌కు పుస్తకం దొరికింది. లేచి, అట్ట అందరికీ కనబడేలా గాలిలో పట్టుకుని, బడిలో చెప్పినట్టే చెప్పింది. ఇందులో వహీబ్ వేరు, కుళాయిల వహీబ్ వేరు, పెళ్ళామూ కుంటి పిల్లాడూ అచ్చులో తప్ప ఎక్కడా లేరు, తప్పంతా తన గొంతుదీ ముఫీద్ చెవులదీ. వహీబ్ ఆ అట్ట మీద తన పేరు చూసి, అనవసరంగా ఎంత ఒప్పుకున్నాడో అప్పుడు గ్రహించాడు.

అతను దమియానా వైపు చూడలేకపోయాడు. ఆ పిల్లే ముందుకు వచ్చింది. "లివర్ సంగతి నాకు రెండో వారమే తెలుసు" అన్నది. "గురువారం సాయంత్రం వచ్చి పలకరిస్తే వీధంతా వెల్లుల్లి వాసన. ఎప్పుడు చెబుతాడా అని చూస్తున్నాను."

"తెలిసీ ఊరుకున్నావా?" అన్నాడు షౌకీ.

"పెళ్ళాం అనుకుని వచ్చాం కదా నాన్నా. లివర్ అయితే ఇంటికి పోదాం పద."

షౌకీ అల్లుడి దగ్గరికి వెళ్ళి, అబూనాకు వినబడదనుకున్న గొంతుతో అడిగాడు. "స్టేషన్ ఎదురుగా అంటే ఎడమవైపుదా, మూలమీదిదా?"

"మూలమీదిది మామయ్యా."

"అదే మంచిది" అన్నాడు అబూనా, ఎవరినీ చూడకుండా. వెంటనే గొంతు సవరించుకుని, ఇలాంటివి తన దగ్గర చెవిలో చెప్పుకోవాలి గానీ ఇలా జాతరలో కాదని వహీబ్‌ను మందలించి, పండగదాకా అదనంగా కొన్ని కీర్తనలు చదవమన్నాడు.

ఇన్సాఫ్ షౌకీని క్షమించమని అడిగింది. "వెర్రివాడన్నది నవల్లో తండ్రిని నాయనా" అన్నది. "నవల్లో తండ్రే అయితే పరవాలేదక్కా" అన్నాడు షౌకీ, కానీ ఆ మాట అనేటప్పుడు పుస్తకం చేతిలోకి తీసుకుని ఆ తండ్రి ఎక్కడున్నాడా అని పుటలు తిప్పాడు. చివరికి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

జనం కదిలాక రమ్సీస్ నలిగిన చొక్కా సరిచేసుకుంటూ అన్నాడు. "మనిషి ఒక్క పేజీలో ఏడ్చి ఒప్పుకోడని కదక్కా నువ్వు ఎప్పుడూ అనేది? ఇప్పుడు చూశావా?"

"లివర్ అయితే ఒప్పుకుంటాడు" అన్నది ఇన్సాఫ్. "పెళ్ళాం అయితే ఒప్పుకోడు." ఇక ఎలాగూ దాచడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి, గింజలు పొయ్యి మీద మాడిపోతున్నాయన్న సంగతి కూడా మరిచిపోయి, నవల మీద తనకున్న అభిప్రాయాలన్నీ కూర్చుని పూర్తిగా చెప్పింది. రమ్సీస్ మధ్యలో ఒకసారి నీళ్ళు తాగాడు.

మరుసటి ఆదివారానికి పుస్తకాల గదిలో 'వహీబ్ కన్నీళ్ళు' ఒక్క ప్రతి కూడా లేదు. అందులో ఏముందో, తమ గురించి ఎవరేం రాశారో చూసుకోకుండా షుబ్రాలో ఎవరికీ నిద్ర పట్టలేదు. నర్గిస్ రెండు కొన్నది. కుళాయిల వహీబ్ కొట్టులో బల్ల మీద ఒకటి పెట్టుకుని, అడిగినవాళ్ళకల్లా ఇతను నేను కాదని చూపించాడు. దమియానా పెళ్ళి పండగ తర్వాత వారం అనుకున్నట్టే జరిగింది. విందులో లివర్ పళ్ళెం అన్నిటికన్నా ముందు ఖాళీ అయింది.

వేసవిలో రెండో ముద్రణకు సిద్ధమైన రమ్సీస్, వెనక అట్ట మీద వేయడానికి ఇన్సాఫ్‌ను ఒక్క మాట రాసిమ్మన్నాడు. ఆమె వద్దన్నది. అతను వదల్లేదు. చివరికి మనస్సాక్షిని చంపుకోకుండా ఇలా రాసిచ్చింది: "ఈ నవల మొదలుపెట్టినవాళ్ళు చివరిదాకా కింద పెట్టలేరు అని రచయిత అత్తగారు అంటున్నారు గానీ, నేను చాలాసార్లు పెట్టాను."

అట్ట మీద చోటు తక్కువైందని రమ్సీస్ 'కింద పెట్టలేరు' దాకా మాత్రమే అచ్చు వేయించి, కింద ఆమె పేరు వేశాడు.