పెద్దాయన పాటకు ఎనిమిదో స్థానం

మా ఆసుపత్రి ఉద్యోగులకు, రోగులకు, రోగులను చూడటానికి వచ్చి రోగులైపోయినవారికి తెలియజేయడమేమనగా, ఎక్స్-రే విభాగంలో పనిచేసే ఉద్యోగికి ఈ సంవత్సరం ఏయే పాటలు నచ్చాయన్న సమస్య సంతృప్తికరంగా పరిష్కారమైంది. ఇకమీదట ఆయనకు ఏ పాట ఎంత ఇష్టమో ఎవరికీ ఏ సందేహమూ అక్కర్లేదు. ఆయనకు కూడా అక్కర్లేదు. అయితే ఈ పరిష్కారం కోసం మా సంస్థ ఎంత శ్రమపడిందో బయటివాళ్లకు తెలియదు. మంచి పనులు నలుగురికీ తెలియాలి కాబట్టి చెబుతున్నాను.

మా ఎక్స్-రే ఆయన నెమ్మదైన మనిషి. డ్యూటీలో ఆయన నోటి నుంచి వచ్చే మాటలు రెండే రెండు: "ఊపిరి బిగబట్టండి", "ఇక వదలండి". మిగతా వేళల్లో చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని కొత్త పాటలు వింటూ ఉంటాడు. ఏడాది చివర తనకు బాగా నచ్చిన పది పాటలను వరుసగా రాసి, రోగులు బట్టలు మార్చుకునే చిన్న గది తలుపుకు లోపలివైపు అంటిస్తాడు. పైన "నాకు నచ్చిన పాటలు" అని ఉంటుంది. ఎవరూ పొరబడకుండా కింద "నాకు మాత్రమే" అని ఉంటుంది. ఆ గదిలోకి వెళ్లినవాళ్లు ఆసుపత్రి గౌను నాడాలు వెనక్కి అందక గింజుకుంటూ ఉంటారు గనుక తలుపు మీద ఏముందో చదివే తీరిక ఎవరికీ ఉండేది కాదు. అలా ఏళ్ల తరబడి ఆయన అభిరుచికి ఏ హానీ జరగలేదు.

ఈ ఏడు మా సూపరింటెండెంటుగారికి నడుము పట్టేసింది. కింద పడిన పెన్నును తీసిచ్చేవాళ్లు ఆ సమయానికి ఎవరూ లేకపోవడంతో ఆయన స్వయంగా వంగారు. అలవాటు లేని పని. ఎక్స్-రేకి తీసుకొచ్చారు. ఆయన గౌను నాడాలు మరొకరు కట్టారు కాబట్టి, చిన్న గదిలో ఆయనకు చదివే తీరిక దొరికింది.

"ఏమయ్యా, ఎనిమిదా?" అన్నారు బయటికి వస్తూనే.

"ఇంకా తీయలేదు సార్. ఏ వెన్నుపూసో తీశాక చెబుతాను."

"పూస కాదయ్యా, పాట! నేను రోజూ కార్లో వినే పాటకు ఎనిమిదో స్థానం ఇచ్చావేంటి?"

"మంచి పాటే సార్. అందుకే పెట్టాను."

"మంచిదైతే ఎనిమిదెందుకు?"

"దానికన్నా మంచివి ఏడున్నాయి సార్" అన్నాడు ఎక్స్-రే ఆయన. ఆయన ఉద్దేశంలో అది కేవలం లెక్క. ఆ తర్వాత అలవాటు ప్రకారం "ఊపిరి బిగబట్టండి" అన్నాడు. సూపరింటెండెంటుగారు బిగబట్టారు. వదలమన్నా వదల్లేదు. తమ గదికి వెళ్లాక వదిలారు, మెమో రూపంలో.

"సదరు మొదటి పాట సదరు ఎనిమిదవ పాటకన్నా అధికముగా నచ్చుటకు గల కారణములను తగిన ఆధారములతో వెంటనే తెలుపవలెను" అన్నది మెమో సారాంశం. ఎక్స్-రే ఆయన రాత్రంతా మథనపడలేదు. ఉన్నది ఉన్నట్టు రాసేశాడు. మొదటి పాట పాడిన అమ్మాయి ఎవరో తనకు తెలియదు. బస్సు తప్పిపోయినందుకు విసుక్కోకుండా నవ్వుకుంటూ నడిచివెళ్లే పాట అది. పాట మధ్యలో ఒకచోట ఆమె ఊపిరి తీసుకోవడం వినిపిస్తుంది. "అక్కడ నాకు ప్రాణం లేచివస్తుంది" అని రాసి సంతకం పెట్టాడు. ప్రాణం లేచిరావడం నిజమో కాదో తేల్చమని ఆ కాగితాన్ని గుండె విభాగానికి పంపారు. తమ దగ్గర ప్రాణాలు పోయిన దాఖలాలే తప్ప లేచివచ్చిన దాఖలాలు లేవని వాళ్లు నిజాయితీగా జవాబిచ్చారు. దాంతో ఎక్స్-రే ఆయన అబద్ధపు సంజాయిషీ ఇచ్చినట్టు రుజువైంది.

సంగతి ఆసుపత్రంతా పాకింది. అంతవరకూ ఆ తలుపు ముఖం చూడనివాళ్లంతా దాన్ని చదవాలని పట్టుబట్టారు. ఊరికే లోపలికి రానివ్వరు కాబట్టి కొందరు గుమాస్తాలు దగ్గు నటించి ఛాతీ ఎక్స్-రే రాయించుకున్నారు. వాళ్లలో ఒకరికి నిజంగానే నెమ్ము బయటపడింది. ఈ మొత్తం వ్యవహారంలో ఆరోగ్యానికి జరిగిన మేలు అదొక్కటే. చదివినవాళ్లందరికీ అన్యాయం జరిగినట్టు తేలింది. ఎముకల విభాగం వారి పాట తొమ్మిదిలో ఉంది. కళ్ల విభాగం వారి పాట కంటికే కనిపించలేదు. హెడ్ నర్సు అయితే, రాత్రి డ్యూటీలో తమను మేలుకొలిపే పాటను వదిలేసి, నిద్రపుచ్చే పాటకు నాలుగో స్థానం ఇవ్వడం నర్సుల మీద కక్షేనని తేల్చేసింది.

"నా ఇష్టం మేడమ్ అది, వేరే ఏం లేదు" అన్నాడు ఎక్స్-రే ఆయన.

"అదేగా మేమూ అనేది! నీ ఇష్టం వచ్చినట్టు ఇష్టపడితే ఎలా?"

ఇంటికి వెళ్తే అక్కడ మరో రంగం సిద్ధంగా ఉంది. ఆయన బావమరిది ఒక చిన్న బృందంలో గిటారు వాయిస్తాడు. ఆ ఏడాదే ఒక పాట పాడి ఇంటర్నెట్‌లో పెట్టాడు. విన్నవాళ్లలో అధికశాతం చుట్టాలు. పది పాటల లిస్టులో తన కొడుక్కి చోటు లేదని అత్తగారి చెవిన పడింది. ఆవిడ భోజనాల దగ్గర అల్లుడికి రెండోసారి వడ్డించడం మానేసింది.

"ఊళ్లోవాళ్ల పాటలన్నీ మీకు బాగుంటాయి. మావాడిది ఒక్కటే చేదు" అంది భార్య. "పదోదైనా ఇవ్వచ్చుగా? ఏం పోతుంది మీ సొమ్ము?"

"బాగుంటే ఇచ్చేవాణ్ణే కదా."

"బాగుంటే ఎవరైనా ఇస్తారండీ. అయినవాళ్లం మనమెందుకూ మరి?"

మర్నాడు బావమరిదే గేటు దగ్గర పట్టుకుని, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి అన్నాడు: "బావా, నిజం చెప్పనా? ఆ పాట నాకే నచ్చలేదు. నువ్వు పెట్టకపోతే హాయిగా ఉంది. మా అమ్మతో అనకు." ఎక్స్-రే ఆయనకు కళ్లు చెమర్చాయి. ఆ ఏడాది పాటల గురించి ఆయన విన్న నిజమైన మాట అదొక్కటే. దురదృష్టవశాత్తూ దాన్ని సాక్ష్యంగా వాడుకునే వీలు లేదు.

ఈలోగా ఆసుపత్రిలో వ్యక్తిగత అభిరుచి పర్యవేక్షక సంఘం ఏర్పడింది. పాటల విషయం కాబట్టి చెవి డాక్టరును అధ్యక్షుడిగా నియమించారు. ఆయన బాధ్యత తెలిసిన మనిషి. ఆ పాటల్లో ఒక్కటీ వినలేదు. వింటే ఏదో ఒకటి నచ్చే ప్రమాదం ఉందనీ, అప్పుడు నిష్పాక్షికత దెబ్బతింటుందనీ మొదటి సమావేశంలోనే స్పష్టం చేశారు. మిగతా సభ్యులు ఈ త్యాగానికి చలించి తామూ వినబోమని మాట ఇచ్చారు. తర్వాత పని చకచకా సాగింది. సూపరింటెండెంటుగారి పాట మొదటి స్థానానికి వచ్చింది. ఎముకలవారికీ కళ్లవారికీ తగాదా రాకుండా రెండో స్థానం ఇద్దరికీ ఇచ్చారు. అత్తగారు స్వయంగా వచ్చి చెవి డాక్టరు గదిలో కళ్లు తుడుచుకోవడంతో బావమరిది పాటకు కుటుంబ సంక్షేమం కింద మూడో స్థానం దక్కింది. బస్సు తప్పిన అమ్మాయి పాటను, ఆమె తరఫున ఎవరూ రానందువల్ల తొలగించారు.

"ఇందులో సంతకం పెట్టు" అన్నారు సూపరింటెండెంటుగారు.

"ఇవి నాకు నచ్చినవి కావు కదా సార్."

"నచ్చుతాయిలే. పెట్టకపోతే నేలమాళిగలో పాత ఫిల్ములు దాచే గదికి మార్చాల్సొస్తుంది. అక్కడ పని తక్కువే. సిగ్నలే ఉండదు."

సిగ్నలు లేకపోతే పాటలు ఉండవు. తనకు నచ్చిన పాటలు వినాలంటే, నచ్చనివి నచ్చాయని ఒప్పుకోక తప్పదు. ఎక్స్-రే ఆయన సంతకం పెట్టాడు. ఆ సాయంత్రం ఇంట్లో ఆయనకు రెండోసారి, మూడోసారి కూడా వడ్డించారు. ఆయనకే ఆకలి లేదు.

జాబితా విడుదలకు సభ పెట్టారు. పైనుంచి డైరెక్టరుగారు ముఖ్య అతిథిగా విచ్చేశారు. సూపరింటెండెంటుగారు నడుముకు బెల్టు కట్టుకుని మరీ ప్రసంగించారు. "ఇష్టం అనేది ఏ ఒక్కరో చాటుగా పడవలసినది కాదు. నలుగురూ కలిసి, చర్చించి, తీర్మానించి పడవలసినది. ఒంటరిగా ఇష్టపడే దుస్థితి నుంచి మన సోదరుణ్ణి కాపాడుకున్నాం" అనగానే హాలు దద్దరిల్లేలా చప్పట్లు మోగాయి. ఎక్స్-రే ఆయన కూడా కొట్టాడు. పక్కవాళ్లు చూస్తున్నారు మరి.

తర్వాత మొదటి స్థానం పొందిన పాట వేశారు. రెండు చరణాలైనా కాకముందే డైరెక్టరుగారు ముఖం చిట్లించారు.

"ఇదింకా వింటున్నారా మీరు? నేను ఫోన్లో ఈ రింగ్‌టోన్ మార్చేసి ఎన్నాళ్లయిందో. విసుగొచ్చింది."

సూపరింటెండెంటుగారికి ఆ పాట ఎందుకంత ఇష్టమో ఇన్నాళ్లకు అందరికీ బోధపడింది. కానీ ఆయన ఊరికే అంత ఎత్తుకు ఎదిగినవారు కారు. రెప్పపాటులో తేరుకుని ఎక్స్-రే ఆయన భుజం మీద చెయ్యి వేశారు.

"మేమూ అదే అన్నామండీ. ఇతనికే నచ్చింది. ఇదిగో, సంతకం కూడా ఇతనిదే. ఎంతైనా సొంత ఇష్టం కదా, మనం కలగజేసుకుంటే బాగుండదని ఊరుకున్నాం."

అందరూ నవ్వారు. డైరెక్టరుగారు పెద్ద మనసుతో, "ఫర్వాలేదయ్యా. అభిరుచి అన్నది మెల్లగా మెరుగుపడుతుంది" అని ఓదార్చారు. ఎక్స్-రే ఆయన చేతులు జోడించి థాంక్స్ చెప్పాడు. ఇన్నాళ్లలో మొదటిసారి ఆయనకు కోపం వచ్చింది. అయితే ఎవరి మీద తెచ్చుకోవాలో ఏ మెమోలోనూ లేకపోవడం వల్ల అది కొంచెంసేపు ఉండి వెళ్లిపోయింది.

సంఘం అప్పటికప్పుడు సమావేశమై డైరెక్టరుగారి కొత్త రింగ్‌టోనును మొదటి స్థానంలో ఉంచింది. స్టాంపు వేసిన ఆ జాబితా ఇప్పుడు ప్రతి వార్డులోనూ అద్దాల చట్రంలో వేలాడుతోంది. రోగులు తలెత్తి చదివి, బాగా ఎంచారని మెచ్చుకుంటారు. ఒకసారి ఎక్స్-రే ఆయన ఒక ముసలాయన్ను అడిగాడు: "మొదటిది విన్నారా పెద్దాయనా?"

"విన్లేదు బాబూ. కానీ అదే బాగుంది."

కొత్త సంవత్సరం వచ్చింది. ఒక ఆదివారం పొద్దున వంటింట్లో భార్య కూరగాయలు తరుగుతుంటే, ఆయన రేడియో పెట్టాడు. ముందెన్నడూ వినని పాట ఏదో వచ్చింది. ఆవిడ చేతిలో కత్తి పాటకు తాళం వేసింది. కాలు కదిలింది. తల కూడా ఊగడం చూసి ఆయన మొహం వెలిగిపోయింది.

"భలే ఉందండీ! ఎవరిదిది?" అంది.

"తెలీదు. కొత్తది. బాగుంది కదూ?"

"ఎన్నోదట?"

"ఇంకా ఎవరూ చెప్పలేదు."

ఆవిడ కాలు ఆగింది. తడి చెయ్యి చీర చెంగుకు తుడుచుకుని, రేడియో గొంతు తగ్గించింది. "అయితే వాళ్లని చెప్పనివ్వండి. అప్పుడు విందాం. తొందరపడి ఇష్టపడిపోతే రేపు ఎవరు సమాధానం చెబుతారు?"

ఆవిడ మాటలో తప్పేమీ లేదు. చదువరులకు కూడా నా విన్నపం అదే. ఇంతవరకూ చదువుతూ మీకు ఎక్కడైనా నవ్వు వచ్చివుంటే, దయచేసి ప్రస్తుతానికి బయటపడకండి. ముందు పక్కవాళ్లు నవ్వారో లేదో కనుక్కోండి.