కాఫీ కెటిల్లో చెట్టుబంక

కొత్త బూటు కరిచి ఉర్పో మడమ మీద పుండు లేచింది. అది చీము పట్టి వంకాయ రంగుకు తిరిగింది. మామూలు రోజుల్లో అయితే ఊరంతా వినేలా మూలిగేవాడే. కానీ శనివారం దుప్పి వేట మొదలు! ఉత్తర ఫిన్లాండ్‌లో మనిషి ఏడాదంతా కాచుక్కూచునేది ఆ పొద్దు కోసమే. నర్సుకు చూపిస్తే అడవికి పోవద్దంటుంది. భార్య హెల్కాకు చూపిస్తే నర్సు దగ్గరికి ఈడ్చుకుపోతుంది.

అందుకని తాతల నాటి మందు గుట్టుగా కాయాలనుకున్నాడు. దేవదారు లాంటి స్ప్రూస్ చెట్టు బంకను వెన్నలో కరిగించి రాస్తే చీముపుండు మానుతుందని అక్కడ అందరికీ తెలుసు. చిక్కల్లా గిన్నెతోనే. హెల్కా ప్రతి గిన్నెనూ తోమి, వాసన చూసి మరీ బోర్లించే రకం. ఆ ఇంట్లో సబ్బు మొహం ఎరగనిది కాఫీ కెటిల్ ఒక్కటే. కడిగితే రుచి పోతుందని పెళ్లయినప్పటి నుంచీ దాన్ని కడగలేదు. అందులో ఏం కాస్తే మాత్రం ఎవడికి తెలుస్తుంది!

హెల్కా ఆవిరిస్నానపు గది వెచ్చబెట్టడానికి వెళ్లగానే పని కానిచ్చాడు. మడమకు మందు పట్టించి, పైన ఉన్ని మేజోడు తొడిగి, తన తెలివికి తానే మురిసిపోయాడు.

ఆ సాయంత్రమే వేటజట్టు పెద్ద తోర్స్తీ కాఫీకి వచ్చాడు. హెల్కా అదే కెటిల్లో కాచి పోసింది. ఉర్పో కప్పుకు చెయ్యి అడ్డం పెట్టాడు.

"కాఫీ ఎందుకులే తోర్స్తీ, పాలు తాగు."

"ఏమయ్యా, ఇంటికొచ్చిన మనిషికి కాఫీ వద్దంటావా? జ్వరమేమైనా తగిలిందా?"

"నాకా? గుండ్రాయిలా ఉన్నాను!"

తోర్స్తీ గటగటా తాగేశాడు. తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఆయన మాట్లాడకపోవడం ఆ ఊళ్లో వింతేమీ కాదు కనుక ఎవరూ పట్టించుకోలేదు. రెండో కప్పు పోయబోతే మాత్రం, కింది పెదవికి అతుక్కున్న మీసాన్ని పీక్కుంటూ, "మ్మ్! మ్మ్!" అని కెటిల్ వైపు వేలు చూపించాడు.

హెల్కా మూత తీసి వాసన చూసింది. మొగుడి వైపు తిరిగింది.

"మేజోడు తియ్యి."

"రాదు."

"ఎందుకు రాదూ?"

"అతుక్కుపోయింది."

హెల్కా ఒక్క గుంజు గుంజింది. ఉర్పో పెట్టిన కేకకు కుక్క మంచం కిందికి దూరింది. ఈలోగా తోర్స్తీ మీసానికి వెన్న రాసుకుని నోరు విడిపించుకున్నాడు.

"ఈ కాలితో నువ్వు రావద్దు. పోయిపోయి ఇప్పుడే ఒక మనిషి తక్కువయ్యాడు."

"తక్కువెందుకు? నేను లేనూ! తుపాకీకి నూనె కూడా రాసి ఉంచాను" అంది హెల్కా.

"ఎప్పుడు రాశావ్?" అన్నాడు ఉర్పో.

"నువ్వు కుంటడం మొదలెట్టిన రోజే. తోర్స్తీని కాఫీకి పిలిచింది ఎవరనుకున్నావ్?"

మర్నాడు నర్సు పుండు శుభ్రంగా కడిగి, లేపనం రాసింది.

"ఏం మందమ్మా ఇది?"

"స్ప్రూస్ బంకే. మందు మంచిదేనయ్యా. మురికి కెటిల్లో కాచి, కడగని పుండు మీద రాస్తే అదేం చేస్తుంది? మొదటి రోజే వచ్చుంటే ఈపాటికి అడవిలో పరిగెత్తేవాడివి."

ఉర్పోకు ఏడుపొక్కటే తక్కువ.

శనివారం అందరూ అడవిలోకి పోతే, అతను వేటజట్టు గుడిసెలో కాలు బల్ల మీద పెట్టుకుని బఠాణీ చారు కలుపుతూ కూర్చున్నాడు. సాయంత్రం జట్టు తిరిగొచ్చింది. దుప్పిని కొట్టింది హెల్కాయే! అందరూ కిక్కురుమనకుండా గిన్నె ఖాళీ చేశారు. అప్పుడు తోర్స్తీ ఆ రోజుకు మొదటిసారి నోరు విప్పాడు.

"ఇకమీదట ఏటా వంట ఉర్పోదే. తుపాకీ పట్టి వేట వరసలో అతని చోట హెల్కా నిలబడుతుంది."

జట్టంతా తలూపింది. ఉర్పో గరిటె పట్టుకుని, కాదనడానికి నోరు తెరిచాడు.

"ఇంకొంచెం వెయ్యవయ్యా" అంటూ హెల్కా కంచం చాచింది.