పేపర్లో పడని ఉయ్యాల

గోదావరి నీళ్లు రేవువీధి అరుగులెక్కి వెళ్లిన మరుసటి ఏడు, ఊళ్లో ఏ ఇంటికి ఏ పేపరొస్తే ఆ ఇంటివాళ్లకు అందులో ఉన్నదే కనిపించసాగింది. ఎవరూ పెద్దగా ఇబ్బంది పడలేదు. ఉన్నవి రెండే పేపర్లు. ఒకటి ఆడపిల్లల కాలేజీ ఆసామిది, రెండోది రొయ్యల ఆసామిది.

ఇస్త్రీ బండి పోలయ్య మూడో తరగతిలోనే పలక వదిలేశాడు. కాబట్టి ఆయనకు ఉన్నవి ఉన్నట్టే కనిపించేవి. ఆయన మనవరాలు నూకరత్నానికి పదహారేళ్లు, తల్లి లేని పిల్ల. ఆ కాలేజీ హాస్టల్లో ఇంటర్ చదువుతూ కడుపుతో ఇంటికొచ్చింది. పోలయ్య అన్నం పెట్టాడు.

కాలేజీ పేపర్లో ర్యాంకులు తప్ప మరేమీ రాలేదు. ఆ పేపరొచ్చే ఇళ్ల ముందు నడిస్తే పిల్లకు కడుపే ఉండేది కాదు. రొయ్యల పేపరు మాత్రం మొహం చెరిపిన ఫొటో పెట్టి, ‘కాలేజీ పాపం’ అని రోజూ మొదటి పేజీలో వేసింది. ఆ ఇళ్ల ముందు ఐదో నెలకే కడుపు గుమ్మంలో పట్టేది కాదు, మొహం ఉండేది కాదు. ఇందుకు కారకుడైన లెక్కల మాస్టరు కాలేజీ ఆసామికి ఉద్యోగి, రొయ్యల ఆసామికి మేనల్లుడు. పోలీసుస్టేషనుకు రెండు పేపర్లూ వచ్చేవి. రెండింట్లోనూ అతని పేరు దొరకలేదు.

నొప్పులు మొదలైన పొద్దున పోలయ్య పిల్లను బండి మీదే ఆసుపత్రికి తోసుకెళ్లాడు. డాక్టరుగారిది కాలేజీ పేపరు, నర్సుది రొయ్యల పేపరు.

“ఈ అమ్మాయికి కడుపెక్కడుంది?” అన్నాడు డాక్టరు.

“ముగ్గురున్నట్టున్నారు సార్. మొహమే కనపడట్లేదు,” అంది నర్సు.

ఇద్దరూ మాట్లాడుకుని చీటీ మీద ‘సగం గర్భం’ అని రాశారు. సగం గర్భానికి వార్డు లేదు. పిల్ల బల్ల పట్టుకుని, “తాతా, చచ్చిపోతానేమో!” అంది.

గేటు దగ్గర పునుగులేసే వీరవేణి ఆ కేక విని లోపలికొచ్చింది. ఆమెకు పేపరంటే పొట్లం కట్టే కాగితం. బల్ల మీదున్న వాళ్ల పేపర్లు రెండూ లాక్కుని, వేడి పునుగులు పొట్లాలు కట్టి డాక్టరుకూ నర్సుకూ చెరొకటీ చేతిలో పెట్టింది. నూనెకు అక్షరాలు అలుక్కుపోయాయి.

“కాగితం కంటుందేటి బాబూ? ముందు పిల్లని చూడండి!”

ఇద్దరూ చూశారు. నెలలు నిండిన పిల్ల. బెదిరిన మొహం.

మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. పోలయ్య ముగ్గురికీ దణ్ణం పెట్టాడు.

“దణ్ణాలు సరే మావా, ఈసారి నా చీర మాడ్చకు,” అంది వీరవేణి.

ఆ సాయంత్రమే ఆసాములిద్దరూ రాజీపడి రెండు పేపర్లూ ఒకటి చేసి ప్రత్యేక సంచిక వేశారు. అందులో పాపం లేదు, పిల్ల లేదు. పేపర్లో లేని బాలింతకు మంచం ఇవ్వడం కుదరదని ఆసుపత్రివాళ్లు మర్యాదగా చెప్పారు. ఇంటికి తెచ్చుకుంటుంటే వీధిలో ఒక్క వేలూ ఇటు తిరగలేదు. అందుకు ఆసాములకూ పోలయ్య మనసులో దణ్ణం పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే బొగ్గులు రాజేశాడు. బండి కింద పాత చీరతో ఉయ్యాల కట్టాడు. కాలితో ఉయ్యాల ఊపుతూనే వీరవేణి చీర మాడకుండా ఇస్త్రీ చేశాక, లెక్కల మాస్టరు చొక్కాను బండి మీద పరిచాడు. అంతలో మాస్టరే వచ్చాడు, చంకలో కొత్త పేపరుతో.

“ఏంటి పోలయ్యా, ఖాళీ ఉయ్యాల ఊపుతున్నావు?”

ఉయ్యాల్లో పాప ఏడుస్తోంది.

“అలవాటు చేసుకుంటున్నానండి,” అన్నాడు పోలయ్య. కాలరు మీద ఇంకోసారి పెట్టె తిప్పి, చొక్కా మడిచి, రెండు చేతులా అందించాడు.